కుటుంబ హాస్య ధారావాహికల్లో పాటలు: అపోహలు - వాస్తవాలు

టెలివిజన్ ధారావాహికలకు పాటలు ఎంచడం, వాటి హక్కులు సంపాదించడం, ఎడిటింగ్ గదిలో కూర్చుని వాటిని దృశ్యానికి అమర్చడం నా వృత్తి. నేరపరిశోధన కథలకు పాటలు వెతకడం ఒక ఎత్తు అయితే, ఎపిసోడ్ పొడవునా నవ్వించి చివర్లో గొంతు గద్గదం చేసే కుటుంబ కథలకు వెతకడం మరో ఎత్తు. వాణిజ్య ఛానెళ్లలో అరగంట ఎపిసోడ్ అంటే ప్రకటనలు పోగా మిగిలేది సుమారు 22 నిమిషాలు. అందులో పాటకు దక్కే చోటు చాలా సందర్భాల్లో ఒకటి రెండు నిమిషాలకు మించదు. ఆ కాస్త చోటు గురించి ప్రేక్షకుల్లోనూ, ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారిలోనూ, అప్పుడప్పుడు నిర్మాతల్లోనూ అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: దృశ్యం బలహీనంగా ఉన్నా మంచి పాట పడితే ప్రేక్షకుల కళ్లు చెమరుస్తాయి.

వాస్తవం: దృశ్యం అప్పటికే సాధించినదాన్ని కాసేపు నిలిపి ఉంచడమే పాట చేయగల పని. అందువల్ల ఏ పాట అన్న ప్రశ్న కంటే, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్న ప్రశ్నకే మేము ఎక్కువ సమయం వెచ్చిస్తాం.

పై చదువుల కోసం ఇల్లు విడిచి వెళ్తున్న కూతురి సామాను తండ్రి కారులో సర్దుతున్నాడనుకుందాం. డిక్కీ మూత పడదు. ఆయన ఒక పెట్టె తీసి మరొకటి పెడతాడు, మళ్లీ మొదటిదే తెచ్చి పెడతాడు. కొడుకు పక్కనే నిలబడి చేతులు కదపకుండా ఉచిత సలహాలు ఇస్తుంటాడు. ఎట్టకేలకు మూత పడుతుంది. ఇక సర్దడానికి ఏమీ మిగల్లేదన్న సంగతి తండ్రికి అప్పుడు తెలిసివస్తుంది. సర్దుతున్నప్పుడే పాట మొదలుపెడితే కథ ఎటు పోతోందో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది, కొడుకు మాటలకు నవ్వు రాదు. మూత పడిన క్షణంలోనే మొదలుపెడితే, ఇక ఏడవండి అని ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. నేనైతే ఆ మూత చప్పుడు తర్వాత రెండు మూడు సెకన్లు ఏ సంగీతమూ లేకుండా వదిలేయమంటాను. ఆ వ్యవధిలో తండ్రి ఏం చేయాలో తోచక, చేతిలోనే ఉన్న తాళాల కోసం జేబులు తడుముకుంటాడు. ఆ తడుములాటలోకి గిటార్ మెల్లగా ప్రవేశించవచ్చు. గాయకుడి గొంతు మాత్రం "వెళ్దామా నాన్నా" అని కూతురు అన్న తర్వాతే వినిపించాలి.

గొంతును అలా ఆపి ఉంచడానికి కారణం ఉంది. సంభాషణ, సాహిత్యం ఒకేసారి వినిపిస్తే చెవి రెండింటినీ పట్టుకోలేదు, ప్రేక్షకుడు రెండూ సగం సగమే వింటాడు. అందుకే పాట కొనేటప్పుడే వాయిద్యాలను, గాత్రాన్ని విడివిడిగా ఇవ్వమని రికార్డింగ్ కంపెనీని అడుగుతాం. వాటితో ప్రారంభ వాయిద్య భాగాన్ని పొడిగించవచ్చు, ఒక చరణాన్ని పూర్తిగా ఎత్తేసి పల్లవికి దాటవచ్చు. తాళం ఆవృత్తి పూర్తయ్యే చోట కోస్తే ఆ అతుకు మామూలు శ్రోతకు తెలియదు. స్టూడియో ప్రేక్షకుల నవ్వులు రికార్డయ్యే ధారావాహికల్లో మరో చిక్కు ఉంది: నవ్వు పూర్తిగా అణగక ముందే పాటను వదిలితే మొదటి స్వరాలు ఆ నవ్వులో కొట్టుకుపోతాయి.

అపోహ: పాట సాహిత్యం కథకు అచ్చంగా సరిపోవాలి.

వాస్తవం: అచ్చంగా సరిపోయిన పాటే చాలాసార్లు దృశ్యాన్ని పాడుచేస్తుంది. వీడ్కోలు దృశ్యం కనబడగానే సాహిత్యంలో వీడ్కోలు అన్న మాట ఉన్న పాటల జాబితా తయారుచేసి పంపే సహాయకులను చాలామందిని చూశాను. శ్రద్ధగా చేసిన పనే కాని, ఆ జాబితాలో పనికొచ్చే పాట ఉండటం అరుదు. ఈ కథల్లోని కుటుంబాలు మనసులోని మాటను సూటిగా చెప్పుకోవు. ప్రేమను వెటకారంగా చెబుతాయి, క్షమాపణను మరో పని నెపంతో చెబుతాయి. హాస్యం పుట్టేదీ అక్కడే. పాత్రలు ఇరవై నిమిషాలు కష్టపడి దాచుకున్న మాటను పాట వచ్చి బాహాటంగా చెప్పేస్తే రచయిత శ్రమ వృథా అవుతుంది. సాహిత్యం మరేదో చెబుతూ, ఒక్క పాదం మాత్రం కథను తాకీ తాకనట్టు వెళ్లే పాటనే నేను ఎంచుకుంటాను. ఆ పాదం ఏ ముఖం మీద పడాలన్నది ఎడిటర్‌తో కలిసి తేల్చుకోవాల్సిన విషయం. మాట్లాడుతున్న పాత్ర కంటే వింటున్న పాత్ర ముఖం మీద పడితే సాధారణంగా బాగుంటుంది.

అపోహ: అందరికీ తెలిసిన పాట అయితేనే ప్రభావం ఉంటుంది.

వాస్తవం: ఈ అపోహకు సమాధానంగా అమెరికా టెలివిజన్ చరిత్రలోని ఒక ఉదాహరణ చాలు. ఎన్‌బీసీలో 1982 నుంచి 1989 వరకు ప్రసారమైన ఫ్యామిలీ టైస్ అనే కుటుంబ హాస్య ధారావాహికలో, పెద్దకొడుకు ప్రేమకథ నడిచే ఎపిసోడ్లకు బిల్లీ వెరా అండ్ ద బీటర్స్ బృందం పాడిన 'ఎట్ దిస్ మొమెంట్' పాటను వాడారు. 1981లో విడుదలైనప్పుడు ఆ పాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ధారావాహికలో వినిపించాక ప్రేక్షకులు దాన్ని వెతుక్కున్నారు, మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది, 1987 జనవరిలో అది అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి చేరింది. పేరున్న పాటతో మరో ఇబ్బంది కూడా ఉంది: దానితో ప్రతి ప్రేక్షకుడికీ తన సొంత జ్ఞాపకం ఒకటి ముడిపడి ఉంటుంది, పాట మొదలవగానే తెరమీది కుటుంబాన్ని వదిలి అతను ఆ జ్ఞాపకంలోకి వెళ్లిపోతాడు. కథ గతకాలంలో జరుగుతున్నప్పుడు మాత్రం ఇదే లక్షణం వరమవుతుంది, ఎందుకంటే అక్కడ ఆ కాలపు పాట సంవత్సరాన్ని తెలిపే పని కూడా చేస్తుంది.

అపోహ: ముప్పై సెకన్ల లోపు వాడుకుంటే అనుమతి అక్కర్లేదు.

వాస్తవం: అలాంటి నియమం ఏదీ లేదు. ప్రసారమయ్యే ధారావాహికలో ఐదు సెకన్లు వాడినా అనుమతి తీసుకునే వాడతాం, అదీ ఒక అనుమతితో సరిపోదు. పాట రచన, బాణీల హక్కు ఒకరిది. ఆ పాట రికార్డింగ్ హక్కు సాధారణంగా మరొకరిది. ద వండర్ ఇయర్స్ అనే అమెరికా కుటుంబ ధారావాహిక శీర్షిక గీతాన్నే తీసుకోండి. ఆ పాట రాసింది బీటిల్స్ బృందంలోని లెనన్, మకార్ట్‌నీ. తెరపై వినిపించేది జో కాకర్ గొంతు. కాబట్టి రచన వైపు, రికార్డింగ్ వైపు వేర్వేరుగా ఒప్పందం చేసుకోవాలి. ఒక వైపు వారికి ఎంత ఇస్తే తమకూ అంతకు తగ్గకుండా ఇవ్వాలన్న షరతు ఈ ఒప్పందాల్లో మామూలే. అందువల్ల ఒకరు ధర పెంచితే ఖర్చు రెండు వైపులా పెరుగుతుంది.

ఈ అపోహకు తోబుట్టువు ఇంకొకటి ఉంది. పాత్రలే ఇంట్లో కూర్చుని పాడుకుంటే హక్కుల గొడవ ఉండదని చాలామంది అనుకుంటారు. అసలు రికార్డింగ్ వాడటం లేదు గనుక రెండో అనుమతి తప్పుతుంది, మొదటిది తప్పదు. పైగా ఆ అనుమతి చిత్రీకరణకు ముందే చేతికి రావాలి. నేపథ్యంలో వినిపించే పాట దొరక్కపోతే చివరి వారంలో కూడా మార్చుకోవచ్చు కాని, నటుడి పెదవులు పలికిన పాటను మార్చలేం. కుటుంబ కథల్లో మాటిమాటికీ వచ్చే పుట్టినరోజు వేడుకలే ఇందుకు సాక్ష్యం. 'హ్యాపీ బర్త్‌డే' పాట బాణీ హిల్ సోదరీమణులు 1893లో ప్రచురించిన పిల్లల పాటది. అయినా ఆ పాట హక్కు తమదేనంటూ ఒక ప్రచురణ సంస్థ దశాబ్దాల పాటు రుసుము వసూలు చేసింది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పాత్రల చేత వేరే పాట పాడించడం, పాట అయిపోయాకే దృశ్యాన్ని మొదలుపెట్టడం ఆనవాయితీగా మారాయి. ఆ సంస్థకు సాహిత్యంపై చెల్లుబాటయ్యే హక్కు లేదని 2015 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. 2016లో 1.4 కోట్ల డాలర్ల పరిష్కారంతో ఆ వివాదం ముగిసింది. తెరమీది పిల్లలు అప్పటినుంచి నిశ్చింతగా ఆ పాట పాడుతున్నారు.

అపోహ: ఒకసారి డబ్బు చెల్లించాక పాట ఎప్పటికీ ఆ ఎపిసోడ్‌లోనే ఉంటుంది.

వాస్తవం: ఒప్పందంలో ఎన్నేళ్లు, ఏ దేశాలు, ఏ మాధ్యమాలు అని రాసి ఉంటే అంతవరకే. రేడియో స్టేషన్ ఉద్యోగుల కథగా 1978 నుంచి 1982 వరకు సాగిన డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి ధారావాహికలో ఆనాటి అసలు పాటలే వినిపించేవి. గడువులు తీరాక జరిగిన పునఃప్రసారాల్లోనూ, తొలి డీవీడీలోనూ వాటిలో చాలా పాటలను తీసేసి వేరే సంగీతం అతికించారు. పాట మీద నడిచే హాస్యం ఉన్న చోట, పాట మారితే జోకుకు అర్థమే ఉండదు. 1988లో మొదలై 1993లో ముగిసిన ద వండర్ ఇయర్స్ మొత్తం డీవీడీగా వచ్చేసరికి 2014 అయింది. ఆలస్యానికి ప్రధాన కారణం పాటల హక్కులే. ఈ అనుభవాల వల్ల ఇప్పుడు కొత్త ధారావాహికలకు వీలైనంతవరకు శాశ్వత కాలానికి, అన్ని మాధ్యమాలకు కలిపి హక్కులు అడుగుతున్నాం. ధర ఎక్కువే. బడ్జెట్ సరిపోకపోతే ఎనిమిది పాటలకు బదులు మూడు పాటలు పెట్టి, మిగిలిన చోట్ల సంగీత దర్శకుడి చేత కొత్త సంగీతం చేయించడం నా దృష్టిలో మేలైన మార్గం.

అపోహ: మంచి అభిరుచి ఉన్నవారు ఎవరైనా ఈ పని చేయగలరు.

వాస్తవం: అభిరుచి ఉండాలి, ఒప్పందం చదవడం కూడా రావాలి. అమెరికా టెలివిజన్ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారాల్లో మా పనికి, అంటే మ్యూజిక్ సూపర్‌విజన్‌కు, ఒక విభాగంగా చోటు దక్కింది 2017లోనే, అంటే దీన్ని ప్రత్యేక వృత్తిగా గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

అపోహ: ఎపిసోడ్ ప్రసారమైతే పాటల పని ముగిసినట్టే.

వాస్తవం: ఆ తర్వాత క్యూ షీట్ తయారు చేయాలి. ఏ పాట, ఎవరు రాశారు, ప్రచురణకర్త ఎవరు, ఎన్ని సెకన్లు వినిపించింది, పాత్రలకు వినబడే పాటా, నేపథ్యంలో వచ్చేదా, శీర్షిక గీతమా అన్న వివరాలన్నీ అందులో ఉండాలి. రచయితలకు, స్వరకర్తలకు ప్రసార రాయల్టీని పంచే సంఘాలు ఆ పట్టికనే ఆధారం చేసుకుంటాయి. ఎపిసోడ్ ఎన్నిసార్లు పునఃప్రసారమైతే అన్నిసార్లూ లెక్క దాని ప్రకారమే సాగుతుంది గనుక, పేరులో ఒక్క అక్షరం తప్పినా ఒక స్వరకర్తకు రావలసిన డబ్బు ఏళ్ల తరబడి ఆగిపోవచ్చు.