పీటీఓ క్లచ్ విప్పేముందు

పిల్లలూ,

మిరుగు దగ్గరపడితే రోటవేటర్లన్నీ ఒక్కసారే బయటికొస్తయి, షెడ్లల్ల జాగ దొరకదు. క్లచ్ పని ఎండాకాలంలనే చేసుకోవాలె.

డ్యూయల్ క్లచ్ ఉన్న మినీ ట్రాక్టర్‌కు పెడల్ ఒకటే, పనులు రెండు. సగం తొక్కితే బండి ఆగాలె, రోటవేటర్ తిరుగుతనే ఉండాలె. అడుగుదాకా తొక్కితే అదీ ఆగాలె. పూర్తిగా తొక్కినంక గూడ పీటీఓ (ఇంజన్ జోరుతోని రోటవేటర్‌ను తిప్పే వెనక షాఫ్టు) గేరు గరగరమంటే ఆ వైపు క్లచ్ విడుస్తలేదన్నట్టు. పెడల్ వదిలినా లోడు పడంగనే షాఫ్టు నెమ్మదైతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. రెండూ వేర్వేరు రోగాలు, ఒక్కటే మందు పెట్టొద్దు.

విప్పకముందు పెడల్ ఖాళీ, అంటే క్లచ్ పట్టకముందు పెడల్ ఉత్తగ కదిలే దూరం, చూడుండ్రి. చాలా బండ్లకు 20 నుంచి 30 మి.మీ. ఉంటది, సరైన కొలత మీ బండి పుస్తకంల ఉంటది. ఖాళీ లేకుంటే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లను (క్లచ్‌ను విడిపించే మీటలు) నొక్కుతనే ఉంటది, ప్లేటు కాలుతది.

తర్వాత బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప) అడుగున ఉన్న చీలిక పిన్ను లాగుండ్రి. నల్లటి నూనె కారితే ఇంజన్ వెనక సీల్ పోయింది. తేనె రంగుదైతే గేర్‌బాక్స్ ముందటి సీల్. బురద నీళ్లయితే కరిగెట్లల్ల దిగినప్పుడు లోపలికి పోయినయి. ఆ పిన్ను దగ్గర మట్టి గట్టిపడి ఏమీ కారకపోవచ్చు, తీగతోని పొడవుండ్రి. నూనె తాగిన ప్లేటును పెట్రోల్‌తోని కడిగి మళ్లెయ్యడం శుద్ధ దండుగ.

బండిని ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు నడుమ విప్పి రెండు ముక్కలు చేసేటప్పుడు రెండు దిక్కులా దిమ్మెలు పెట్టుండ్రి, జాకీని నమ్మొద్దు. మళ్ల అదే తీరుగ కూడేటట్టు క్లచ్ కవర్ మీద, ఫ్లైవీల్ మీద పంచ్‌తోని గుర్తు కొట్టుండ్రి. బోల్టులు ఎదురెదురుగ కొంచెం కొంచెం వదలాలె, స్ప్రింగుల జోరు మామూలుది కాదు. దుమ్మును గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడువుండ్రి. రివెట్లు లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) అంచు దాకా వచ్చినయంటే ప్లేటు మార్చాల్సిందే.

బిగించేటప్పుడు డమ్మీ షాఫ్టుతోని ప్లేట్లను సెంటర్ చేయాలె. స్ప్లైన్ల (షాఫ్టు మీది పళ్లు) మీద గ్రీజు సన్నగ పూస్తే చాలు, ఎక్కువైతే లైనింగ్ మీదికి ఎగురుతది. మూడు ఫింగర్ల ఎత్తు ఒక్కతీరు చేసినంకనే పీటీఓ బోల్టులు (పీటీఓ వైపు క్లచ్ విడిచేది సెట్ చేసేవి) పట్టుకోవాలె. మూడు బోల్టుల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) ఒకే బిగువుతో జారాలె. సందు ఎక్కువైతే పీటీఓ విడువదు, లేకుంటే జారుతది. ఒక్కటి తేడా ఉన్నా ప్లేటు ఒరుగుతది. లాక్ నట్టు బిగించేటప్పుడు బోల్టు కూడా తిరుగుతది. బిగించినంక గేజ్ ఇంకోసారి పెట్టుండ్రి.

పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతది. తువాలతో దాని దగ్గరికి పోకుండ్రి.