రాణి తిన్న గుండె: ‘టేల్ ఆఫ్ టేల్స్’ ప్రేక్షకుల్ని ఎందుకు చీల్చింది

తెల్లటి గది. నల్లటి గౌను వేసుకున్న రాణి బల్ల ముందు కూర్చుని, తింటే కడుపు పండుతుందని సముద్రపు మృగం గుండెను రెండు చేతులతో ఎత్తి కొరికి తింటుంది. మూతి, చేతులు నెత్తురుమయం. ఇటలీ దర్శకుడు మత్తెయో గర్రోనె మూడు పాత కథలను కలిపి తీసిన ‘టేల్ ఆఫ్ టేల్స్’ 2015లో కాన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో ఆడింది. ప్రేక్షకులు రెండుగా విడిపోయేది ఇలాంటి దృశ్యాల దగ్గరే. కొందరికి సినిమాకు ప్రాణం ఇవే. ఇంకొందరేమో పిల్లల కథలకు ఇంత నెత్తురు పూయడం దేనికంటారు.

ఆ నెత్తురు దర్శకుడు పూసింది కాదు. సినిమాకు ఆధారం జంబత్తిస్తా బసీలె ఇటలీలోని నేపుల్స్ మాండలికంలో రాసిన కథల పుస్తకం. ఆయన 1632లో చనిపోయాక, 1634-36 మధ్య అది అచ్చయింది. ‘చిన్నపిల్లల కాలక్షేపం’ అని ఉపశీర్షిక పెట్టినా, అందులోని బూతు, వెటకారం, అలంకారాల వరస చూస్తే అది కొలువుల్లో పెద్దవాళ్లు చదివించుకుని నవ్వుకోవడానికి రాసిందని తెలిసిపోతుంది. మాండలికం కొరుకుడు పడక చాలాకాలం దాన్ని చదివినవాళ్లు తక్కువ. తత్వవేత్త బెనెదెత్తో క్రోచే చేసిన ఇటాలియన్ అనువాదం 1925లో గానీ రాలేదు.

ఈలోగా జనం మనసులో స్థిరపడింది జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల దారి. 1812 నాటి మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించాలని చూసేది కన్నతల్లే. 1819 కూర్పులో ఆమెను సవతితల్లిగా మార్చారు. ఇంకో కథలో గోపురంలో బందీ అయిన రపున్జెల్ తన బట్టలు బిగుతవుతున్నాయని అమాయకంగా అనడం, అంటే గర్భం సంగతి, తర్వాతి కూర్పుల్లో మాయమైంది. 1857 నాటి ఏడో కూర్పు వచ్చేసరికి శృంగారం పోయి నీతి చేరింది. దుష్టులకు పడే శిక్షలు మాత్రం అలాగే ఉండిపోయాయి. 1937లో డిస్నీ స్నోవైట్ వచ్చాక పాటలు, పెళ్లితో ముగింపు అలవాటయ్యాయి. అంత మెత్తబడ్డ సినిమాకు కూడా బ్రిటన్ సెన్సార్ వాళ్లు పిల్లలు పెద్దల తోడుతోనే చూడాలనే ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు.

అందుకే చీకటిని తప్పు పట్టడంలో పస లేదు. గర్రోనె వదిలేసింది వేరే ఉంది: నవ్వు. బసీలె కథలో గుండె వండుతుంటే లేచిన ఆవిరికి వంటమనిషితో పాటు గదిలోని సామాను కూడా కడుపుతో అవుతుంది. పెద్ద మంచం చిన్న మంచాన్ని, పెద్ద పెట్టె చిన్న పెట్టెను కంటాయి! ఆ కథను వింటున్నవాళ్లు ముందు పగలబడి నవ్వుతారు, క్రూరత్వం ఆ నవ్వులోంచే దిగుతుంది. తెర మీద వంటమనిషి గర్భం మిగిలింది, మంచాలూ పెట్టెలూ పోయాయి. పైగా నెమ్మదైన నడక. ప్రేక్షకుడికి ఊపిరి ఆడకపోవడానికి అసలు కారణం నెత్తురు కాదు, ఇదే.

మూడు కథలు అతకలేదన్న ఫిర్యాదుకు మాత్రం బలం ఉంది. పుస్తకంలో కథలన్నిటినీ పట్టి ఉంచే చట్రం ఒకటుంది: ఎన్నడూ నవ్వని రాకుమారి జోజా, ఐదు రోజుల పాటు కథలు చెప్పే పదిమంది ముసలమ్మలు. ఆ చట్రం కథతో కలిపి మొత్తం 50 కథలు. సినిమా దాన్ని తీసేసి మూడింటిని పక్కపక్కన నడిపింది. మొదట్లో గారడీవాళ్ల ఆటకు రాజు నవ్వుతుంటే రాణి నవ్వదు; జోజా ఛాయ అక్కడ కాస్త కనిపిస్తుంది, అంతే.

గోమారి కథలో చేసిన మార్పు వల్ల సినిమాకు మేలే జరిగింది. రాజు ఒక గోమారి పురుగును గొర్రెంత పెంచి, దాని చర్మం ఏ జీవిదో చెప్పినవాడికి కూతుర్నిస్తానంటాడు; వాసనతో గుర్తుపట్టిన రాక్షసుడికి ఇచ్చేస్తాడు. బసీలె కథలో ఆమెను ఒక ముసలమ్మ ఏడుగురు కొడుకులు కాపాడతారు. సినిమాలో కాపాడబోయిన గారడీ కుటుంబాన్ని రాక్షసుడు చంపేస్తాడు, ఆమే వాడి గొంతు కోస్తుంది.

చర్మం ఒలిపించుకున్న ముసలామె కథ ముగింపే ఎక్కువమందిని తికమక పెడుతుంది. పుస్తకంలో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లలో దేవకన్యల దయతో పడుచుదైన ఒకతె రాజును పెళ్లాడి రాణిగానే ఉండిపోతుంది. తనూ పడుచు కావాలని చర్మం ఒలిపించుకున్న రెండోది చచ్చిపోతుంది. సినిమా చివర పట్టాభిషేకం వేళ ఆ రాణి చేతులు ముడతలు పడటం మొదలవుతుంది, ఆమె గుంపులోంచి పారిపోతుంది. ఎందుకలా అయిందని పుస్తకంలో వెతికితే జవాబు దొరకదు. ఆ ముడతలు గర్రోనె కలిపినవి.