హిస్టరీ చదివితే ఏం పని దొరుకుతుంది? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో నాకు ఫోన్లు ఎక్కువ. "మా అమ్మాయి బీఏ హిస్టరీ అంటోంది, మీరైనా కాస్త చెప్పండి" అంటారు. వద్దని చెప్పమనే వాళ్ల ఉద్దేశం. నేను ఎంఏ హిస్టరీ చేసి పద్నాలుగేళ్లవుతోంది. ఈలోగా మ్యూజియంలో కేటలాగు రాశాను, శాసనాల సర్వేలకు తిరిగాను, ఒక లాయరు గారి దగ్గర పాత రెవెన్యూ కాగితాలు చదివాను, గ్రూప్స్ కోచింగ్‌లో పాఠాలు చెప్పాను, డాక్యుమెంటరీలకు రీసెర్చ్ చేశాను. ఇప్పటికీ వీటిలో రెండు మూడు పనులు కలిసే నడుస్తుంటాయి. ఆ ఫోన్లలో పదే పదే వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: హిస్టరీ అంటే తేదీలు, రాజుల పేర్లు బట్టీ పట్టడం.

వాస్తవం: తేదీ గుర్తుండటం కన్నా, ఆ తేదీ ఎలా తేలిందో తెలియడం మా చదువు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో శక సంవత్సరం 1084, మాఘ శుద్ధ త్రయోదశి అని ఉంటుంది. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరం చదువుకున్నదే. కొత్తలో నేను అలాగే కలిపి 1162 అని రాసిచ్చాను. మా సీనియర్ మేడం కాగితం చూసి, "మాఘం ఏ నెలలో వస్తుందమ్మా?" అని ఒక్క మాట అడిగారు. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. ఆ శాసనం 1163 జనవరిది.

ఈ కాగితం ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం, ఏది రాయకుండా వదిలేశారు అని అడిగే అలవాటు అలా పడింది. నేను చేసిన ప్రతి పనిలోనూ నాకు అన్నం పెట్టింది అదే.

అపోహ: టీచర్ ఉద్యోగం, లేదంటే గ్రూప్స్. మూడో దారి లేదు.

వాస్తవం: ఆ రెండూ మంచి దారులే, తక్కువ చేయను. డిగ్రీకి బీఈడీ తోడైతే డీఎస్సీలో సోషల్ పోస్టులకు పోటీ పడొచ్చు. ఎంఏతో జూనియర్ లెక్చరర్‌కి, నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష పాసైతే డిగ్రీ కాలేజీకి ప్రయత్నించొచ్చు. సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్‌కి 500 మార్కులు. అయితే అందరికీ తెలిసిన దారులు కాబట్టే అక్కడ రద్దీ ఎక్కువ.

తెలియని దారి ఒకటి చెబుతాను. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా కాస్త వెనక్కి వెళితే 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు దగ్గర ఆగుతుంది. అక్కడ 1364 ఫసలీ అని ఉంటుంది. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే 590 కలుపుకోవాలి. ఇంకా వెనక్కి వెళితే నిజాం కాలపు సేత్వార్లు (సర్వే నాటి భూమి రికార్డులు), ఉర్దూ రాతలు. ఒకసారి రెండు కుటుంబాల మధ్య కేసులో మాకు ఇలాంటి కాగితాల కట్ట ఒకటి వచ్చింది. ఒక తాత పేరు ఎల్లయ్య, ఇంకో తాత పేరు ఐలయ్య. ఉర్దూలో రాస్తే ఈ రెండు పేర్లూ దాదాపు ఒకేలా పడతాయి. అనువాదం చేసినాయన ఒక కాగితంలో ఎల్లయ్య అని, ఇంకోదానిలో ఐలయ్య అని రాసేశారు. ఇరవై ఏళ్ల పంచాయితీకి మూలం అదే. తండ్రి పేరు, సర్వే నంబరు, నాలుగు వైపులా హద్దులు వరసగా పెట్టుకుని చూస్తే ఏ కాగితం ఎవరిదో తేలింది. మూడు వారాలు పట్టింది. లాయరు గారు చట్టం చూసుకున్నారు, నేను కాగితం చూశాను.

ఇంకా ఉన్నాయి. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్‌లో ఏడాది డిప్లొమా చేస్తే రికార్డులు భద్రపరిచే పని వస్తుంది. ఆ పని ప్రభుత్వంలోనే ఉంటుందనుకోకండి. పుణెలో రిజర్వ్ బ్యాంక్‌కి 1981 నుంచి, టాటాలకు 1991 నుంచి సొంత ఆర్కైవ్స్ ఉన్నాయి. తవ్వకాల మీద మనసుంటే గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వాళ్ల రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. హెరిటేజ్ వాక్‌లు, మ్యూజియాలు, సినిమాలకు, సిరీస్‌లకు రీసెర్చ్ సరేసరి.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఈ రంగంలో చోటు లేదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. కడప జిల్లా కలమళ్లలో సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనం ఉంది, అది తెలుగు. ఆ తర్వాతి వెయ్యేళ్లలో మన ఊళ్లలో చెక్కించిన వాటిలో చాలా భాగం తెలుగే. వాటిని చదవడానికి తెలుగు బాగా వచ్చినవాళ్లే కావాలి. ఇంగ్లీషు రిపోర్టు రాయడం రెండేళ్లలో అలవాటవుతుంది, నాకూ అలాగే అయింది.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. డిగ్రీతో పాటు రెండో లిపి నేర్చుకోండి. పాత తెలుగు లిపి కావచ్చు, ఉర్దూ కావచ్చు, ఓపికుంటే పారశీకం. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. చదివేవాళ్లు చాలా తక్కువ.

అపోహ: డబ్బులుండవు.

వాస్తవం: ఇది సగం నిజమే. మొదటి నాలుగైదేళ్లు కాంట్రాక్టు పనులే ఎక్కువ. ఒక సంస్థ నాకు ఏడు నెలలు బిల్లు ఇవ్వలేదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నెలనెలా వచ్చే పని ఒకటి చేతిలో ఉంచుకునే మిగతావి ఒప్పుకుంటున్నాను. నాకది పాఠాలు చెప్పడం. అడ్వాన్సు లేకుండా, కాగితం మీద రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టను.

అపోహ: చరిత్ర అంతా రాసేశారు, నెట్‌లో అన్నీ ఉన్నాయి.

వాస్తవం: రుద్రమదేవి 1295 దాకా పాలించిందని పుస్తకాల్లో ఉండేది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి దానశాసనం బయటపడింది. ఆమెకు పుణ్యం కలగాలని భూమి ఇచ్చినట్టు అందులో ఉంది, అంటే అప్పటికే ఆమె లేదు. ఊళ్లో నిలబడి ఉన్న ఒక్క రాయి ఆ లెక్క మార్చింది.

పోయిన నెల ఒక ఊళ్లో బట్టలుతికే బండగా వాడుతున్న రాయిని తిరగేస్తే అడుగున పదకొండు వరుసల అక్షరాలు కనిపించాయి. వచ్చే ఆదివారం నకలు తీయడానికి వెళుతున్నాం. రాయిని కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొట్టాలి. కాగితం కాస్త ఆరాక సిరా అద్దితే చుట్టూ నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. మా విద్యార్థులు నలుగురు వస్తున్నారు, వాళ్లలో ఇద్దరు డిగ్రీ రెండో ఏడాదే. పాత బట్టలు వేసుకురమ్మని చెప్పాను, ఆ సిరా వదలదు.