రోమా టమాటా అడుగు నల్లబడితే మొక్క పీకేయకండి

మిద్దెతోటలకి నారు పెంచి ఇస్తుంటాను. రోమా, శాన్ మార్జానో అనే పొడుగు కాయల టమాటా రకాల నారు పట్టుకెళ్లినవాళ్ల నుంచి మొదటి కాపు టైంలో వచ్చే ఫోటో ఒకటే: కాయ అడుగున నల్లటి మచ్చ, తోలులా గట్టిపడి లోపలికి నొక్కుకుపోయి. కింద మెసేజ్, "ఏ మందు కొట్టాలి?"

ఏ మందూ వద్దు. అది తెగులు కాదు, పక్క మొక్కకి అంటుకోదు, నల్లటి భాగం కోసేసి మిగతాది కూరలో వేసుకోవచ్చు. కాయ కొసకి కాల్షియం అందక అలా అవుతుంది, పొడుగు కాయల రకాల్లో మరీ ఎక్కువ. ఈ మాట అనగానే గుడ్డు పెంకులు వేయండి, ఎప్సమ్ సాల్ట్ వేయండి అని వాట్సాప్ గ్రూపుల్లో మొదలుపెడతారు. దయచేసి ఆపండి. పెంకులు మట్టిలో కరిగేసరికి ఈ కాపు అయిపోతుంది. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం, అది ఎక్కువైతే కాల్షియానికే అడ్డం. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, కానీ అది నీళ్లతోనే పైకి వెళ్లాలి, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే ఆకులకి చేరినంతగా కాయకి చేరదు.

ఈమధ్య ఒకావిడ ఫోన్ చేసి, "రోజూ పోస్తున్నా కదన్నా" అని ఏడ్చినంత పని చేశారు. అప్పటికే సగం మొక్కలు పీకేశారట. పాపం, విత్తనం నుంచి పెంచుకున్నవి, ఆ బాధ నాకు తెలుసు. వెళ్లి చూస్తే గ్రో బ్యాగ్ పైన తడే, వేలు లోపలికి గుచ్చితే పొడి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎండి ముడుచుకుని సంచి అంచు వదిలేసింది, పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి జారి కింది కన్నాల్లోంచి పోతున్నాయి. కొంచెం పోసి, కాసేపు ఆగి, మళ్లీ పోయమన్నాను, పైన ఎండాకులు మందంగా పరిపించాను, యూరియా మాన్పించాను. మచ్చపడ్డ కాయలు బాగవ్వవు, వాటిని తెంపేశాం. తర్వాత దిగిన కాయలు శుభ్రంగా వచ్చాయి.

నారు పట్టుకెళ్లినవాళ్లు అడిగే మిగతావి గబగబా చెప్పేస్తా. హైబ్రిడ్ అంటే జీఎం (జన్యుమార్పిడి చేసింది) కాదు, కాకపోతే దాని గింజలు దాచి వేస్తే అదే రకం రాదు. పక్క కొమ్మలన్నీ తుంచాలన్నది రోమాకి వర్తించదు, అది గుబురు రకం, తుంచితే కాపే తగ్గుతుంది. శాన్ మార్జానో పొడుగ్గా సాగుతుంది, దానికి కర్ర కట్టండి. ఇక ఫిబ్రవరిలో గింజ వేసి, ఏప్రిల్‌లో పూత రాలిపోతోందని టెన్షన్ పడేవాళ్లకి: పగలు 35 డిగ్రీలు దాటి రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే పిందె నిలవదు, మీ తప్పేం లేదు. హైదరాబాద్‌లో అయితే ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో నారు పోసుకోండి.