బ్రెయిలీ డిస్‌ప్లే: మా సీమలో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురంలో చూపులేని వాళ్ళకు కంప్యూటర్ నేర్పడం నా పని. నాకూ చూపు లేదు. కర్నూలు, కడప వైపు నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. డిగ్రీ పిల్లలు, టీచర్లు, బ్యాంకుల్లో కొత్తగా చేరినవాళ్ళు, ఒక్కోసారి వాళ్ళ అమ్మానాన్నలు. బ్రెయిలీ డిస్‌ప్లే గురించి వాళ్ళు అడిగేవి చాలావరకు ప్రశ్నలు కావు, ఎవరో చెబితే నమ్మేసిన మాటలు. "పనిచేయడం లేదు సార్" అని నా దగ్గరికి తెచ్చే యంత్రాల్లో నిజంగా చెడిపోయినవి తక్కువ. తప్పు ఎక్కువగా సెట్టింగుల్లో ఉంటుంది, లేదంటే చదవమని దానికిచ్చిన ఫైల్లో ఉంటుంది.

ఆ వస్తువు ఎప్పుడూ చూడని వాళ్ళ కోసం రెండు మాటలు. కీబోర్డుకు ముందు పెట్టుకునే సన్నటి పెట్టె అది. పైన ఒకే వరుసలో సెల్స్, అంటే ఒక్కో బ్రెయిలీ గుర్తు పట్టే చిన్న గళ్ళు ఉంటాయి, సాధారణంగా ఒక్కో సెల్‌లో 8 పిన్నులు. అక్షరాన్ని బట్టి కొన్ని పిన్నులు పైకి లేస్తాయి, మిగతావి లోపలే ఉంటాయి. ఆ వరుస వేలితో చదివి బటన్ నొక్కితే తర్వాతి ముక్క వస్తుంది.

అపోహ: కేబుల్ తగిలిస్తే చాలు, చదువుకోవచ్చు

స్క్రీన్ మీద ఏముందో డిస్‌ప్లేకు సొంతంగా తెలియదు. స్క్రీన్ రీడర్, అంటే స్క్రీన్ మీదున్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, చెబితేనే తెలుస్తుంది. ఎన్‌వీడీఏ, జాస్, విండోస్‌లోనే ఉండే నరేటర్, ఆపిల్ వాళ్ళ వాయిస్ ఓవర్, ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఇవన్నీ స్క్రీన్ రీడర్లే. వీటిలో ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి. నేను ఎక్కువగా నేర్పేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది, ఉచితం, తెలుగు బ్రెయిలీ కూడా అందులోనే ఉంటుంది.

మొదటిసారి అయితే బ్లూటూత్ జోలికి పోకండి, యూఎస్‌బీ కేబుల్‌తోనే మొదలుపెట్టండి. ఎన్‌వీడీఏ నడుస్తుండగా ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఏ మూడూ కలిపి నొక్కితే డిస్‌ప్లే ఎంచుకునే పెట్టె తెరుచుకుంటుంది. ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్. అక్కడ 'ఆటోమేటిక్' పెట్టి ఓకే చేయండి. చాలా మోడళ్ళను అదే గుర్తుపడుతుంది. 2018లో బ్రెయిలీ డిస్‌ప్లేలన్నిటికీ ఒకే ఉమ్మడి యూఎస్‌బీ పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో తయారైన వాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. పాతవాటికి మాత్రం కంపెనీ డ్రైవర్ వేయాల్సి రావచ్చు.

అయినా పిన్నులు లేవకపోతే నేను మొదట అడిగేది ఒకటే: ఇంకో స్క్రీన్ రీడర్ నడుస్తోందా? డిస్‌ప్లే ఒకసారికి ఒకరి మాటే వింటుంది. నరేటర్‌గానీ జాస్‌గానీ దాన్ని ముందే పట్టుకుని ఉంటే ఎన్‌వీడీఏకు దొరకదు. ఒకదాన్ని పూర్తిగా మూసేసి చూడండి. కర్నూలు నుంచి ఫోన్లో చెప్పించుకునేవాళ్ళకు సగం సార్లు ఇక్కడే పని అయిపోతుంది. ఫోన్‌కూ కంప్యూటర్‌కూ రెండిటికీ బ్లూటూత్‌తో కలిపి పెట్టుకున్నవాళ్ళకూ ఇదే గొడవ. పక్క గదిలో ఉన్న ఫోన్ దాన్ని లాక్కుని ఉంటుంది, మనమేమో ఇక్కడ కేబుల్ మార్చి మార్చి చూస్తుంటాం.

ఇంకో చిన్న సంగతి. ఎన్‌వీడీఏ పంపే సందేశాలు మామూలుగా 4 సెకన్లలో మాయమవుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ వేలు అంత వేగంగా కదలదు. "ఏదో వచ్చి పోయిందన్నా, యాడ పోయిందో" అంటారు. బ్రెయిలీ సెట్టింగుల్లో ఆ సమయం పెంచుకోవచ్చు, బటన్ నొక్కేదాకా సందేశం నిలిచి ఉండేలా కూడా పెట్టుకోవచ్చు.

అపోహ: వీటిలో తెలుగు రాదు, ఇంగ్లీష్ మాత్రమే

నాకు బాగా కోపం తెప్పించే అపోహ ఇది. ఎందుకంటే దీన్ని నమ్మి, చేతిలో మంచి యంత్రం ఉండి కూడా తెలుగు మాధ్యమం పిల్లలు దాన్ని పక్కన పడేస్తారు.

భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ 1951లోనే స్థిరపడింది. సెల్ ఎడమ వైపు పై నుంచి కిందికి 1, 2, 3 చుక్కలు, కుడి వైపు 4, 5, 6. క అక్షరం తెలుగులో రాసినా హిందీలో రాసినా 1, 3 చుక్కలే. ఆర్డీటీ లాంటి స్వచ్ఛంద సంస్థల బడుల్లో పలక మీద పొడిచి నేర్చుకున్న తెలుగు బ్రెయిలీ, డిస్‌ప్లే మీద వచ్చే బ్రెయిలీ ఒకటే. కాకపోతే కంప్యూటర్‌కు ఆ సంగతి చెప్పాలి. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో బ్రెయిలీ విభాగంలోకి వెళ్ళి, అవుట్‌పుట్ టేబుల్ (ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టిక) దగ్గర 'తెలుగు గ్రేడ్ 1' ఎంచుకోవాలి. అంతే పని.

ఆ పని చేయకుండా ఇంగ్లీష్ టేబుల్‌తోనే తెలుగు ఫైల్ తెరిస్తే ఏమవుతుంది? ఇంగ్లీష్ టేబుల్‌కు తెలుగు అక్షరం తెలియదు కాబట్టి సాధారణంగా దాని యూనికోడ్ నంబర్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉండే ఉమ్మడి నంబర్) చూపిస్తుంది. తెలుగు అక్షరాల నంబర్లన్నీ 0, సీ తోనే మొదలవుతాయి. ఒక్కో అక్షరానికి బోలెడు సెల్స్ పోతాయి. వేలి కింద సున్నా, సీ, సున్నా, సీ అని తగులుతూ ఉందంటే యంత్రం పాడైనట్టు కాదు, టేబుల్ మారలేదని అర్థం. ఈ లక్షణం ఒక్కటి గుర్తుపెట్టుకుంటే నాకు ఫోన్ చేసే పని ఉండదు.

టేబుల్ సరిగ్గా ఉంటే లెక్క ఎలా మారుతుందో చూడండి. కడప మూడే సెల్స్. కర్నూలు ఏడు. అనంతపురం ఎనిమిది. గుణింతపు గుర్తుకు ఒక సెల్, నిండు సున్నాకు (ం) ఒకటి, ఒత్తు ఉన్నచోట 4వ చుక్కకు ఒకటి అదనం.

ఎన్‌వీడీఏలో ఒకసారికి ఒక టేబులే పనిచేస్తుంది. తెలుగు, ఇంగ్లీష్ కలిసిన పేజీలో ఇది ఇబ్బందే. ఇంగ్లీష్ కె, తెలుగు క రెండిటికీ అవే చుక్కలు కాబట్టి సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది. నేను రెండు ప్రొఫైళ్ళు (విడివిడిగా దాచుకునే సెట్టింగులు) చేయిస్తాను: ఒకటి తెలుగు టేబుల్‌తో, ఇంకొకటి ఇంగ్లీష్ టేబుల్‌తో. ఒక్కోదానికి ఒక షార్ట్‌కట్ కీ పెట్టుకుంటే ప్రతిసారీ సెట్టింగుల్లోకి దూరే బాధ తప్పుతుంది. తెలుగు టైపింగ్‌కు మాత్రం డిస్‌ప్లే మీది బ్రెయిలీ కీల కన్నా మామూలు కీబోర్డు మీద ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక) నేర్చుకోమంటాను. ఇది నా అభిప్రాయమే, వేరేగా చెప్పేవాళ్ళూ ఉన్నారు.

టేబుల్ తెలుగే అయినా అర్థంలేని ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయా? అయితే ఆ ఫైల్ అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటుంది. మన ఊళ్ళలో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ పెళ్ళి పత్రికల నుంచి ప్రశ్నపత్రాల దాకా అందులోనే కొడతాయి. కంటికి చక్కటి తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం తెలుగు కాదు, తెలుగు బొమ్మ తొడుక్కున్న వేరే గుర్తులు. డిస్‌ప్లే లోపలున్నదాన్నే చూపిస్తుంది. అలాంటి ఫైల్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. టీచర్లకు, ఆఫీసు వాళ్ళకు నేను చెప్పేది: చూపులేని వాళ్ళకు ఇచ్చే ఏ కాగితమైనా మొదటే యూనికోడ్‌లో కొట్టించండి. డీటీపీ షాపులో అడిగితే చేసిస్తారు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇంకో రకం సమస్య. అది ఫొటో, అందులో అక్షరాలే లేవు. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు బయటికొస్తాయి. తప్పులుంటాయి, దిద్దుకోవాలి.

అపోహ: ఎన్ని ఎక్కువ సెల్స్ ఉంటే అంత మంచిది

మార్కెట్లో చాలావరకు 14 నుంచి 80 సెల్స్ దాకా ఉన్నాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి 20, 40. బస్సులో, క్లాసులో ఒళ్ళో పెట్టుకుని చదవడానికి 20 చాలు. ఆఫీసు టేబుల్ మీద ఎక్సెల్ పని చేసేవాళ్ళకు 40 సుఖం.

తెలుగుకు మాత్రం ఒక పేచీ ఉంది. మన మాటలు పొడుగు. "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" అన్న ఒక్క మాటకే 25 సెల్స్ కావాలి, 20 సెల్స్ డిస్‌ప్లేలో పట్టదు. పైగా మాట విరగకుండా చూసే సెట్టింగ్ ఒకటి మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. దానివల్ల తర్వాతి మాట పట్టనప్పుడల్లా వరుస చివర ఖాళీ మిగిలిపోతుంది. 20 సెల్స్ మీద తెలుగు కథలు చదివేవాళ్ళతో నేను దాన్ని ఆఫ్ చేయిస్తాను. మొదట చికాకు పడతారు, తర్వాత వేగం పెరుగుతుంది.

అపోహ: మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఉండగా ఇంకా ఇదెందుకు?

వినడం వద్దని నేను అనడం లేదు. నవల వింటేనే హాయి. కానీ శ, ష తేడా చెవికి ఎంత తెలుస్తుంది? ల రాయాలా ళ రాయాలా అన్నది విని రాసే పిల్లలను అడగండి. పదో తరగతి దాకా అన్నీ విని చదివి, ఒత్తు ఎక్కడ పడుతుందో తెలియక తెలుగు పేపర్లో మార్కులు పోగొట్టుకున్న తెలివైన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వేలి కింద ఒత్తు తగిలితే ఆ సంశయం ఉండదు.

ఉద్యోగంలో ఉపయోగం మరీ ఎక్కువ. బ్యాంకు కౌంటర్లో ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే చెవిలో ఇంకో గొంతు అకౌంటు నంబర్ చదువుతూ ఉంటే టెన్షన్ కాక ఏమవుతుంది? ఎన్‌వీడీఏ కీతో ఎస్ నొక్కుతూ పోతే మాట ఆగుతుంది, బ్రెయిలీ మాత్రం వస్తూనే ఉంటుంది. నంబర్ వేలితో, కస్టమర్ మాట చెవితో. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు బ్రాకెట్లు, ఖాళీలు చేతికి తగలడం ఎంత పెద్ద మేలో వాళ్ళనే అడగాలి.

ఇంకా ఒకటి. చాలా డిస్‌ప్లేల్లో ప్రతి సెల్ పైన ఒక చిన్న బటన్ ఉంటుంది, రూటింగ్ కీ అంటారు. తప్పు అక్షరం మీద వేలుంచి దాని పైనున్న బటన్ నొక్కితే కర్సర్ సూటిగా అక్కడికే వస్తుంది. బాణం కీలతో ఒక్కో అక్షరం జరుపుకుంటూ పోయేవాళ్ళకు ఇది చూపించినప్పుడు వచ్చే కేరింత నాకు ఇష్టం.

చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళకైతే "ఎందుకు" అన్న ప్రశ్నే లేదు. కంప్యూటర్‌కు, ఫోన్‌కు వాళ్ళకున్న దారి ఇదొక్కటే.

అపోహ: 8 చుక్కలంటే బ్రెయిలీ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి

అక్కర్లేదు. మీకు వచ్చిన 6 చుక్కలు అలాగే ఉంటాయి. కింది 7, 8 చుక్కలు కర్సర్ ఎక్కడుందో, ఏ భాగం సెలెక్ట్ అయిందో చూపించడానికి ఎక్కువగా వాడతారు.

అపోహ: వయసు దాటితే బ్రెయిలీ రాదు

నలభై దాటాక చూపు పోయినవాళ్ళు నేర్చుకోవడం చూశాను. నెమ్మదిగానే వస్తుంది, కానీ వస్తుంది. షుగర్ వల్ల వేళ్ళ మొనల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు మాత్రం నిజంగానే కష్టం. అలాంటివాళ్ళను డిస్‌ప్లే కొనమని తొందరపెట్టను. ముందు కాగితం మీది చుక్కలు తెలుస్తున్నాయో లేదో చూస్తాను.

అపోహ: షాక్ కొడుతుంది, మన ఎండకు, దుమ్ముకు నిలబడదు

షాక్ సంగతి ఎక్కువగా అడిగేది అమ్మలే. చాలా డిస్‌ప్లేల్లో ఒక్కో పిన్ను కింద విద్యుత్తు ఇస్తే వంగే సన్నటి పీజో పట్టీ ఉంటుంది. దానికి సుమారు 200 వోల్టులు కావాలి, యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులను యంత్రం లోపలే పెంచుకుంటుంది. అయితే అందులో కరెంటు అతి స్వల్పం, పైగా అదంతా పెట్టె లోపలే. వేలికి తగిలేది పిన్ను కొన మాత్రమే. పిల్లలను భయపెట్టకండి.

దుమ్ము విషయంలో భయం న్యాయమే. అనంతపురం గాలి, కడప బండల పొడి సంగతి చెప్పక్కర్లేదు. పిన్నుల రంధ్రాలు చాలా సన్నవి. దుమ్ము కన్నా చేతి జిడ్డే పెద్ద శత్రువు, జిడ్డుకు దుమ్ము అంటుకుని పిన్ను సగం లేచి ఆగిపోతుంది. అప్పుడు మ అనుకున్నది క అవుతుంది. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరాక ముట్టుకోవాలి. మిరపకాయ బజ్జీ తింటూ అస్సలు వద్దు. వాడనప్పుడు మూత వేయాలి. నీళ్ళు గానీ స్ప్రే గానీ నేరుగా కొట్టకూడదు, పీచు రాలని పొడిబట్టతో మెల్లగా తుడవాలి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం గురించి వేరే చెప్పాలా?

అపోహ: ప్రింటర్, డిస్‌ప్లే రెండూ ఒకటే

కాగితం మీద చుక్కలు పొడిచేది ఎంబాసర్. డిస్‌ప్లేలో కాగితం ఉండదు.

అపోహ: లక్షలు పోస్తేనే దొరుకుతుంది

40 సెల్స్ పీజో యంత్రాల ధర ఇప్పటికీ లక్షల్లోనే. 40 సెల్స్ అంటే 320 పిన్నులు, ఒక్కోదానికి విడిగా ఒక పట్టీ. ధర అక్కడే పెరుగుతుంది. ఆ పట్టీలు లేకుండా వేరే పద్ధతిలో తయారైన ఆర్బిట్ రీడర్, మన దేశంలో తయారైన బ్రెయిలీ మీ లాంటి 20 సెల్స్ యంత్రాలు అంతకన్నా చాలా చవక. ఆర్బిట్‌లో వరుస మారడం పీజోవాటి కన్నా నెమ్మది, చప్పుడూ వస్తుంది. పాఠాలు చదువుకునే విద్యార్థికి అది పెద్ద లోటు కాదు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికి మాత్రం విసుగు.

ప్రభుత్వ ఉద్యోగులు సొంత డబ్బు పెట్టే ముందు ఆఫీసుకు లిఖితపూర్వకంగా అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగికి అవసరమైన సహేతుక సదుపాయం కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వ సంస్థలది. విద్యార్థులు సహాయక పరికరాలు ఇచ్చే కేంద్రం వారి అడిప్ పథకం గురించి జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో విచారించండి.

కొనేటప్పుడు బ్రోచర్ నమ్మొద్దు, చేత్తో చదివి చూడండి. పెన్‌డ్రైవ్‌లో మీ సొంత తెలుగు ఫైల్ ఒకటి తీసుకెళ్ళి అదే తెరిపించండి. ఒక సెల్ చెడిపోతే అదొక్కటే మారుస్తారా, మొత్తం వరుస మార్చాలంటారా, రిపేరుకు ఏ ఊరికి పంపాలి, ఎన్నాళ్ళు పడుతుంది, అన్నాళ్ళూ వాడుకోవడానికి ఇంకోటి ఇస్తారా అని అడిగి, జవాబులు బిల్లు మీదే రాయించుకోండి.