స్టెంట్ సంగతి రాయొద్దు బాబూ!

మొన్న ఆఫీసుకి ఒక పెద్దాయన వచ్చారు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. డాలస్‌లో కూతురి పురుడు, ఆరు నెలలు ఉంటారట. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో పాత జబ్బుల గడి దగ్గరికి రాగానే "ఏం లేవని రాసెయ్ బాబూ" అన్నారు. కళ్లజోడు కోసం జేబులో చెయ్యి పెడితే సగం వాడిన క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర) షీటు టేబుల్ మీద పడింది. ఇద్దరం దానివంకే చూశాం.

"స్టెంట్ ఎప్పుడు వేశారు మాస్టారూ?"

"2021లో. ఒకటే."

విశాఖ ద్వారకానగర్‌లో ఇన్సూరెన్స్ ఏజెంటుగా పదిహేనేళ్లుగా నేను వింటున్నది ఇదే. చెప్తే పాలసీ ఇవ్వరు, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

ముందు మీ నోటితోనే తెలుస్తుంది. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే పాత గుండె జబ్బు ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. ప్రాణం మీదికొస్తే ఎవరైనా నిజమే చెబుతారు, చెప్పాలి కూడా. అది రికార్డులోకి ఎక్కుతుంది. దాచినా యాంజియోగ్రామ్‌లో స్టెంట్ కనబడుతుంది. క్లెయిమ్ పెట్టాక ఆ కాగితాలన్నీ కంపెనీ తెప్పించుకుంటుంది, దాచారని తేలితే డబ్బు ఇవ్వనంటుంది. మా సొంత మావయ్యకి జరిగిందీ ఇదే. బావ అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో కూర్చుని అన్నిటికీ 'నో' కొట్టాడు. నన్ను అడిగితే ఎక్కువ ప్రీమియం అంటగడతానని భయమట! ఆస్పత్రి బిల్లు ఇప్పటికీ వాయిదాల్లో కడుతున్నాడు.

అలాగని చెప్పేస్తే అన్నీ కవరైపోతాయనీ కాదు. పాలసీ పైన 5 లక్షల డాలర్లని పెద్దక్షరాలతో ఉంటుంది. పాత జబ్బుకి మాత్రం చాలా పాలసీల్లో ప్రాణాపాయమైతేనే, అదీ విడిగా రాసిన చిన్న పరిమితి వరకే ఇస్తారు. కొన్నింటిలో అదీ ఉండదు. నేనైతే ముందు ఆ లైనే వెతుకుతాను. అమెరికా కంపెనీల విజిటర్ పాలసీల్లో 'అక్యూట్ ఆన్‌సెట్' అని ఉంటుంది. అంటే ముందస్తు లక్షణాలు లేకుండా హఠాత్తుగా రావాలి, చాలావాటిలో 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి. గ్యాసేమోలే అని ఈనో తాగి రెండ్రోజులు పడుకుంటే ఆ కవర్ కూడా పోయినట్టే. వయసు పెరిగేకొద్దీ ఈ పరిమితి తగ్గుతుంది, మామూలు చెకప్‌లకి, రోజువారీ మందులకి దాదాపు ఎవరూ ఇవ్వరు.

వీసాకి పనికొచ్చింది కదా అంటారు కొందరు. యూరప్ దేశాల షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోలు, పిల్లల దగ్గరికెళ్లే తల్లిదండ్రులకిచ్చే కెనడా సూపర్ వీసాకి కనీసం 1,00,000 కెనడియన్ డాలర్ల కవర్ అడుగుతారు. అది వాళ్ల షరతు, మీ గుండెకి కవర్ ఉందో లేదో వాళ్లు చూడరు. కెనడా పాలసీల్లో జబ్బు 'స్టేబుల్'గా ఉండాలన్న షరతు ఉంటుంది. ప్రయాణానికి ముందు మందు డోసు మారినా పేచీ రావచ్చు, డాక్టరు మార్చిన వెంటనే మాకు చెప్పండి. ఇక్కడి హెల్త్ పాలసీలో పాత జబ్బులకి ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్ అయిపోయిందంటారు కొందరు. అది వేరు, ఇది వేరు.

పెద్దాయన అసలు భయం వేరే. ఇది రాస్తే వీసాకి అడ్డమేమోనని. అమెరికా విజిటర్ వీసాకి అసలు ఇన్సూరెన్సే అడగరని చెప్పాక కాస్త నెమ్మదించారు. సంతకం పెట్టబోతూ పెన్ను ఆపారు.

"రెండని రాయి బాబూ. అమ్మాయికి మాత్రం ఒకటే అని చెప్పాం."