మనిషికి రోజుకు 555 గ్రాములు

చెన్నై

చిరంజీవులు మన అపార్ట్‌మెంటు పిల్లలందరికీ ఆశీస్సులు.

వరద వచ్చిన ఊళ్లకు పంపడానికి ఇంటింటా బియ్యం పోగుచేస్తామన్నారు. పెద్ద విపత్తుల్లో లక్షల మందికి తిండి ఎలా చేరుతుందో రాయమని కూడా అడిగారు. ఈ పనిలో బియ్యం సంపాదించడం తేలికైన భాగం. రేవులో దిగిన బస్తా మనిషి చేతికి చేరేదాకా ఉన్న దారే కష్టం. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. పూర్తిగా సాయం మీదే బతకాల్సిన మనిషికి రోజుకు సగటున 2,100 కిలో కేలరీలు అందాలని ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రమాణం పెట్టుకున్నాయి. సరుకుల్లో చెప్పాలంటే సుమారుగా బియ్యమో గోధుమలో 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, విటమిన్లు కలిపిన మొక్కజొన్న-సోయా పిండి 50, చక్కెర 15, ఉప్పు 5. అన్నీ కలిపి 555 గ్రాములు. పది వేల మంది ఉన్న శిబిరానికి నెల రోజులకు కట్టి చూడండి, 166 టన్నుల పైమాటే. పది టన్నుల లారీలైతే 17 కావాలి. వానకు మట్టిరోడ్డు దిగబడి, లారీకి ఐదు టన్నులకు మించి ఎక్కించలేకపోతే 34 కావాలి. ఇందులో నూనె ఒక్కటి రాకపోయినా 220 కిలో కేలరీలు పోయినట్టే, అంటే రోజు తిండిలో పదో వంతు.

గ్రాముల దగ్గర ఇంత పట్టింపు ఎందుకో మన మద్రాసు చరిత్రే చెబుతుంది. 1876-78 కరువును రాయలసీమలో ధాత కరువంటారు. ఖర్చు తగ్గించాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రోజంతా తవ్వేవాడికి అది ఏ మూలకూ రాదనీ, కనీసం ఒకటిన్నర పౌను ధాన్యమూ దానికి తోడు పప్పూ కూరా ఉండాలనీ మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆఖరికి 1877లో ప్రభుత్వం ఒకటింపావు పౌనుకు, కొంచెం పప్పుకు ఒప్పుకుంది. అప్పటికే ఎందరో పోయారు. ఓడల్లో వచ్చిన ధాన్యమేమో లోపలి జిల్లాలకు చేర్చే రైళ్లు చాలక మద్రాసు తీరంలో గుట్టలు పడింది. మైలాపూరు పక్కన మీరు రోజూ చూసే బకింగ్‌హామ్ కాలువలో అడయారు, కూవం నదులను కలిపే ముక్క ఆ కరువు కూలీలు తవ్విందే.

ఇప్పటికీ ఇబ్బంది అక్కడే. 2022 మే 18న మన చెన్నై రేవు నుంచి శ్రీలంకకు ఒకే ఓడలో 9,000 టన్నుల బియ్యం వెళ్లాయి. అంత సరుకు దించాక పది టన్నుల లారీలు 900 నిండుతాయి. విమానంలో పంపొచ్చు కదా అంటారేమో. దక్షిణ సూడాన్ లాంటి చోట్ల వానాకాలం దారులు మూసుకుపోతే ఇల్యూషిన్-76 అనే పెద్ద సరుకు విమానాల్లోంచి బస్తాలు జారవిడుస్తారు. ఒక్కో విమానం మోసేది సుమారు 30 టన్నులు, అంటే మూడు లారీలు. నేలను తాకగానే పైసంచి పగిలినా లోపలిది నిలవాలని సంచిలో సంచి పెట్టి కుడతారు. కింద మైదానంలో మనిషిగానీ పశువుగానీ లేకుండా ముందే ఖాళీ చేయిస్తారు. రోడ్డు ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. వేరే దారి లేనప్పుడే ఆ పని చేయాలి.

గోడౌనులో జరిగే నష్టం ఎవరికీ కనబడదు. బస్తాలు నేల మీద పెడితే చెమ్మ పీల్చి అడుగు వరస బూజు పడుతుంది, అందుకే కింద చెక్కలు పరుస్తారు. గోడకు ఆనించకుండా మీటరు దారి వదలాలి, లేకపోతే ఎలుకలు తిరుగుతున్నాయో లేదో చూసే వీలుండదు. ఒక వరస అడ్డంగా, దానిపై వరస నిలువుగా పేర్చకపోతే బస్తాల నెట్టు జారి హమాలీల మీద పడుతుంది. ప్లాస్టిక్ సంచులకు ఇనుప కొక్కేలు వాడనివ్వకూడదు. చిన్న చిరుగైనా దారి పొడుగునా గింజ రాలుతుంది. ముక్కుపురుగు కనిపిస్తే నెట్టంతా టార్పాలిన్ కప్పి మందు పొగ పెడతారు. అది మనుషులకూ విషమే, కాబట్టి రోజుల తరబడి తాళం వేసి, బోర్డు పెట్టాలి. ముందు వచ్చిన సరుకు ముందు బయటికి పోవాలి. ఈ మాట అందరికీ తెలుసు. కానీ కొత్త బస్తాలు తలుపు దగ్గర పెడితే చేతికందినవే తీస్తారు, పాతవి వెనకే పుచ్చిపోతాయి.

ఇక పంచడం. నన్నడిగితే సాయం నిలిచేదీ పోయేదీ ఇక్కడే. ఐదుగురున్న ఇంటికి నెల సరుకు 83 కిలోలు. ఒక్క తల్లి అంత బరువు ఎలా మోసుకెళ్తుంది? బండివాడికి కూలి కింద ఆ గింజల్లోంచే ఇచ్చుకోవాలి. అందుకని పదిహేను రోజులకోసారి, ఇళ్లకు దగ్గరగా పంచడం మేలు. గోధుమలు పిండి పట్టకుండా ఇస్తే మిల్లు కూలి ఎవరిస్తారో ముందే తేల్చాలి. ఇంకో సంగతి కొలత డబ్బా. రెండు కిలోల డబ్బాను అంచుకు సమానంగా చదును చేయకుండా హడావిడిగా పోస్తే వంద గ్రాములు తగ్గుతుంది. ఆ ఇంటి 60 కిలోల బియ్యానికి 30 డబ్బాలు పోయాలి, అంటే మూడు కిలోలు తక్కువ. ఆ ఇల్లు ఒకటిన్నర రోజు పస్తుంటుంది. దొంగతనం లేకపోయినా ఇంత నష్టం జరుగుతుంది. వరుస చివర ఒక కాటా పెట్టి, ఎవరైనా తమ సంచి తూచి చూసుకోవచ్చని చెబితే చాలావరకు ఆగుతుంది. ముసలివాళ్లకు, గర్భిణులకు వేరే వరుస ఉండాలి.

పసిపిల్లల సంగతి వేరు. ఆర్నెల్లు దాటి ఐదేళ్ల లోపు పిల్లల మోచేతి పైభాగాన్ని రంగుల టేపుతో కొలుస్తారు. చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ప్రాణాపాయం. అలాంటి బిడ్డకు వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపిన 92 గ్రాముల ప్యాకెట్లు ఇస్తారు. ఒక్కోదానిలో 500 కిలో కేలరీలుంటాయి. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. పాలపొడి మాత్రం ఊరికే పంచకూడదు. మురికినీళ్లలో కలిపి సీసాతో పడితే విరేచనాలు పట్టుకుంటాయి, తల్లిపాలు మానిపిస్తారు.

కొట్లు తెరిచి ఉండి సరుకు దొరికే చోటికి బియ్యం మోయడం దండగ. అక్కడ డబ్బే ఇవ్వాలి.

ఇప్పుడు మీ పని. 2004 సునామీ తర్వాత నాగపట్నం దగ్గర పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండేవి. వాటిని ఎత్తడానికే మనుషులు కావాల్సివచ్చింది. కాబట్టి బట్టలు వద్దు. ఏం కావాలో ఆ ఊరివాళ్లను ముందు అడగండి. మొదటి మూడు నాలుగు రోజులు పొయ్యి తడిసి ఉంటుంది, వాళ్లకు బిస్కట్లు, అటుకులు, మంచినీళ్లు కావాలి. బియ్యం ఆ తర్వాతి మాట. ఇంటింటా పోగైన రకరకాల బియ్యం ఒకటిగా కలిపితే సరిగా ఉడకవు, డబ్బు పోగుచేసి ఒకే రకం కొనండి. ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె ప్యాకెట్టు, ఉప్పు, అగ్గిపెట్టె ఒక సంచి. ప్రతి సంచీ ఒకేలా ఉండాలి, తేడా ఉంటే వరుసలోనే గొడవ. అగ్గిపెట్టె విడిగా ప్లాస్టిక్‌లో చుట్టండి. లోపల ఏముందో, ఎంత బరువో, కట్టిన తేదీ ఏమిటో సంచి పైన తెలుగులోనూ తమిళంలోనూ రాయండి. లారీ ఎక్కినవి ఎన్ని, దిగినవి ఎన్ని, పంచినవి ఎన్ని అని మూడు గళ్ల పుస్తకం ఒకటి పెట్టుకుని, దించుకున్నవాళ్ల చేత సంతకం చేయించండి.

సంచులు ఏ రోజు కడతారో చెబితే నా కాటా తెచ్చి పెడతాను.

మీ తాతయ్య